నా దగ్గర బాగానే పనిచేస్తోంది

"రిపోర్టు పెట్టు లోరేనీ. ఎన్నిసార్లు చెప్పాలి? వంటింట్లో నిలబడి నామీద అరిస్తే ప్రోగ్రాం బాగుపడదు."

"నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు కదా జిల్మార్. నీకే చెప్తున్నాను కదా. ఇంకెవరికి పెట్టాలి రిపోర్టు?"

"నాకు చెప్పడం వేరు, రిపోర్టు పెట్టడం వేరు. రిపోర్టు లేకపోతే మా లెక్కలో తప్పు లేనట్టే."

"పెళ్లిరోజు పాస్టరుగారి ముందు ఈ నియమం చెప్పి ఉంటే బావుండేది."

మా అత్తగారు దోనా హెర్తా పొయ్యి పక్కన కూర్చుని ఉడికిన పిన్యోన్ గింజలకి తొక్క తీస్తున్నారు. తలెత్తకుండానే నవ్వారు. మా అమ్మాయి తైస్ రొట్టె చేతిలో పట్టుకుని, "నాన్నా, ఆ వెన్న ఇటు అందిస్తావా? లేక దానికీ రిపోర్టు పెట్టాలా?" అంది.

"నువ్వు కూడా మొదలుపెట్టావా?" అన్నాడు జిల్మార్, వెన్న జరుపుతూ.

మా దక్షిణాదిన జూన్ అంటే నడి చలికాలం. శనివారం పొద్దు. సావ్ లియోపోల్దోలో ఆ వారమంతా నేల మీద మంచు పేరుకుంది. షిమరావ్ అంటే మేం ఒకే బుర్రలో వంతులవారీగా తాగే చేదు ఆకు టీ; మా ఇంట్లో అది కలిపేది ఎప్పుడూ జిల్మారే. మాట్లాడుతూనే సొరబుర్రలో పచ్చటి ఆకుపొడి ఒక పక్కకి ఒరిగేలా దట్టించాడు, వేణ్ణీళ్లు పోశాడు, వెండి గొట్టం దింపాడు. మొదటి బుర్ర తనే పీల్చి, నోట్లోకి వచ్చిన పొడినీ చేదునీ సింకులో ఉమ్మేశాడు. మళ్లీ నీళ్లు నింపి తల్లికిచ్చాడు. ఆవిడ తాగి ఇచ్చాక నాకు. ఎంత కోపంలో ఉన్నా అతను ఆ వరస తప్పడు.

నేను తాగాను. కోపం తగ్గలేదు.

గొడవ గురువారం మొదలైంది. ఆ రోజు జిల్మార్ ఆఫీసు నుంచి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా, హాల్లో ఉన్న కంప్యూటరులో కొత్త మినువానో పెట్టాడు. మినువానో అంటే మా దక్షిణాదిన వీచే చలిగాలి. జిల్మారూ అతని స్నేహితులూ కలిసి తయారుచేసే సాఫ్ట్‌వేర్ కట్టకి ఆ పేరే పెట్టుకున్నారు. ఉచితం. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వచ్చు. మా ఊరి బడుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో అదే నడుస్తుంది. మా వీధి మూలన నెట్ షాపులో కూడా అదే. జిల్మార్ స్వయంగా వెళ్లి పెట్టి వచ్చాడు. పగలంతా నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రాలు ఇది. దీనికి అతనికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఆ సంగతి నేను గౌరవిస్తాను. గౌరవించాను కాబట్టే మా హాల్లో ఇన్నేళ్లుగా బొంతల్లా పరుచుకున్న వైర్ల మీదుగా నోరెత్తకుండా దాటుకుంటూ తిరిగాను.

ఈ కొత్త మినువానోలో బ్రౌజర్ మారింది. పాతది, అందరూ 'రెండు' అని పిలిచేది, తీసేశారు. 'మూడు' పెట్టారు. అది ఇంకా పూర్తికాలేదని దాన్ని చేసినవాళ్లే చెప్తున్నారు. తెరవగానే కింద చిన్న అక్షరాల్లో 'పరీక్ష కోసం' అని రాసి ఉంటుంది.

"పూర్తికానిదాన్ని ఎందుకు పెట్టారు?" అని అడిగాను శుక్రవారం సాయంత్రం.

"ఈ మినువానో మూడేళ్లు నిలబడాలి," అన్నాడు జిల్మార్. ఇది చెప్పేటప్పుడు అతని మొహం మీటింగులో ఉన్నట్టు మారిపోతుంది. "రెండుని దాని సొంతవాళ్లే డిసెంబరులో వదిలేస్తున్నారు. ఆ తర్వాత అందులో ఏ కన్నం పడినా పూడ్చేవాళ్లుండరు. అందుకని ఇప్పుడే మూడుకి వెళ్లాలి. అందరం కలిసి ఓటేశాం."

"మూడు పూర్తయ్యాక వెళ్లచ్చుగా?"

"విడుదల తేదీ ముందే ప్రకటించాం. పోస్టర్లు కూడా వేశాం."

"పోనీ పాతదీ కొత్తదీ ఉంచొచ్చుగా? కావలసినవాళ్లు కావలసింది వాడుకుంటారు."

"రెండింటినీ ఎవరు చూసుకుంటారు? బ్రౌజర్ పని నాదొక్కడిదే. నాకున్నవి రెండు చేతులు."

"అయితే మన ఇంటి వరకూ పాతది తిరిగి పెట్టు."

"అలా వెనక్కి వెళ్లలేం. మూడు వచ్చి పాతదాని సెట్టింగులన్నీ తన పద్ధతిలో మార్చేసింది. అన్నీ తుడిచి, పాత మినువానో సీడీ మొదటినుంచీ పెట్టాలి. విడుదలైన వారంలో నా ఇంట్లోనే పాతది నడుస్తోందంటే జనం ఏమనుకుంటారు?"

జనం ఏమనుకుంటారో నాకు తెలియదు. నాకు ఏమైందో చెప్తాను.

నేను ఇరవై ఏళ్లుగా చిన్నపిల్లలకి చదువు చెప్తున్నాను. నా కాలంలో దానికి టీచరు ట్రైనింగు సరిపోయేది. ఇప్పుడు డిగ్రీ ఉండాలంటున్నారు. లేనివాళ్లని తరగతి నుంచి తీసి, లైబ్రరీలోనో ఆఫీసులోనో కూర్చోబెడతారట. మా బడిలో ఇద్దరిని అప్పుడే కూర్చోబెట్టారు. అందుకే ఇంటినుంచే చదివే డిగ్రీలో చేరాను. పరీక్షలు కంప్యూటరులోనే. ప్రశ్న తెర మీద వస్తుంది, కింద ఉన్న పెట్టెలో జవాబు అక్కడికక్కడే రాయాలి. వేరేచోట రాసి తెచ్చి అతికించడానికి వీల్లేకుండా చేశారు. ఒక పరీక్షని రెండుసార్లే తెరవనిస్తారు. ఈ ఆరునెలల చివరి పరీక్షకి గడువు ఆదివారం సాయంత్రం. అది తప్పితే ఆరునెలలూ పోయినట్టే, తరగతి గదిలో నా కుర్చీ కూడా పోయినట్టే.

శుక్రవారం మధ్యాహ్నం మొదటిసారి తెరిచాను. 'మందబుద్ధి అని ముద్రపడిన పిల్లతో మీరు ఎలా పని మొదలుపెడతారు?' అన్నది ప్రశ్న. నాకు వెంటనే క్లెయిడీ గుర్తొచ్చింది. మూడేళ్ల కింద నా తరగతిలో ఉండేది. బోర్డు మీద ఏమీ చదవలేకపోయేది, కానీ బస్సుల ముందు రాసిన ఊళ్ల పేర్లన్నీ చదివేది. దాని గురించే రాశాను. ఇలాంటి రాత నా చేతికి ఎప్పుడోగానీ రాదు. వాక్యం వెనక వాక్యం దానంతటదే వచ్చింది.

సగంలో ఉండగా అక్షరాలు ఆగి ఆగి పడటం మొదలైంది. నేను ఒక మాట మొత్తం కొట్టేశాక దాని మొదటి అక్షరం తెర మీదికి వచ్చేది. డిస్కు లోపల గరగరమని చప్పుడు. ఓపిక పట్టాను. మళ్లీ కదిలింది. చివరి వాక్యం రాస్తుండగా తెర మొత్తం బూడిదరంగుకి మారింది. ఆ తర్వాత విండో లేదు. ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. నీలం తెర మీద మినువానో బొమ్మ, గాలికి ఒరిగిన గడ్డి, అంతే.

చాలాసేపు ఆ గడ్డిని చూస్తూ కూర్చున్నాను. క్లెయిడీ లేదు.

శనివారం పొద్దున ఆ వాదన తేలలేదు. వెన్న అయిపోయింది, షిమరావ్ అయిపోయింది, జిల్మార్ లాప్‌టాప్ తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. ఎండ వచ్చిన చోట కుర్చీ వేసుకుని, పక్కన గిన్నెడు కమలాపళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అతని లాప్‌టాప్ నిండా స్టిక్కర్లు. దాన్ని ఇంట్లో ఎవరం ముట్టుకోము.

దోనా హెర్తా హాల్లోకి వచ్చి నా భుజం మీంచి తెర చూశారు. "నా పేకాట కూడా తెరుచుకోవట్లేదమ్మా," అన్నారు. "సర్టిఫికెట్ ఏదో బాగాలేదని పెద్ద పసుపు బోర్డు పెడుతోంది. నేను పేకముక్కల్ని అడిగాను గానీ సర్టిఫికెట్ అడగలేదు కదా!"

"రిపోర్టు పెట్టాలట."

"నాకు ఎనభై దగ్గర పడ్డాయి. ఎవరికి పెడతాను?"

సరే, పెట్టి చూద్దామనుకున్నాను. పద్ధతి ప్రకారం వెళ్లమన్నాడు కదా. భార్యగా కాకుండా ఎవరో ఒక మనిషిగా వెళ్దామని, మినువానో సైట్లో రిపోర్టులు పెట్టే పేజీ తెరిచి పుట్టింటి పేరు పెట్టుకున్నాను, ఎల్. బర్వియాన్ అని. పిల్లలకి చెప్పినట్టు వివరంగా రాశాను. 'పరీక్ష పేజీలో ఎక్కువసేపు రాస్తూ ఉంటే అక్షరాలు ఆలస్యంగా పడుతున్నాయి. డిస్కు చప్పుడు చేస్తోంది. తెర బూడిదరంగుకి మారి విండో మాయమవుతోంది. రాసిందంతా పోతోంది. పాతదాంట్లో ఇలా ఎప్పుడూ జరగలేదు. అన్నీ తుడవకుండా పాతదాన్ని తిరిగి ఎలా పెట్టుకోవాలో దయచేసి చెప్పగలరు.' ఈ కాస్త రాసేలోపే అది ఒకసారి ఆగిపోయింది. మళ్లీ తెరిచి మళ్లీ రాశాను. పంపాను.

కిటికీలోంచి పెరడు కనిపిస్తుంది. జిల్మార్ కమలాపండు తొక్క తీసి, ఒక తొన నోట్లో వేసుకుని, వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని ఏదో టైపు చేశాడు. ఎక్కువసేపు కాదు. ఇంకో తొన తీసుకున్నాడు.

నా తెర మీద జవాబు వచ్చింది.

'నా దగ్గర బాగానే పనిచేస్తోంది. వివరాలు చాలవు. పాతదానికి వెళ్లమని మేం ఎవరికీ సలహా ఇవ్వం. మూసేస్తున్నాను.' కింద జిల్మార్ పేరు.

లేచి పెరట్లోకి వెళ్లాను. అతను నవ్వుతూ గిన్నె నా వైపు జరిపాడు.

"రిపోర్టు పెట్టావా?"

"పెట్టాను."

"మంచి పని చేశావు. ఎవరో ఒకరు చూస్తారు."

"చూశారు."

"అప్పుడేనా? చూశావా మరి! పద్ధతిగా వెళ్తే ఎంత తొందరగా అవుతుందో. పొద్దున్నించీ అరిచే బదులు అదే చేసి ఉంటే సరిపోయేది."

ఒక కమలాపండు తీసుకుని లోపలికి వచ్చేశాను. అప్పుడే చెప్పేయచ్చు. చెప్తే మళ్లీ వాదన మొదలవుతుంది. డిసెంబరూ, మూడేళ్లూ, రెండు చేతులూ అన్నీ మళ్లీ వినాలి. నాకు వాదన అక్కర్లేదు. పరీక్ష రాసుకోవడానికి ఒక చోటు కావాలి. బడికి తాళం. నెట్ షాపులోనూ ఇదే మూడు, పైగా తుపాకుల ఆట ఆడే కుర్రాళ్ల అరుపులు. పక్కింటివాళ్లకి కంప్యూటరే లేదు.

ఆదివారం పొద్దున నేను బంగాళాదుంపలు ఉడకబెడుతున్నాను. జిల్మార్ బయట బొగ్గులు పేరుస్తున్నాడు. తైస్ నా పక్కన చేరి మయొనేజ్ గిన్నెలో వేలు పెట్టింది.

"అమ్మా, నాన్న లాప్‌టాప్‌లో రాసుకోవచ్చు కదా. అది ఆగిపోదు."

"అందులోనూ ఇదే ఉంటుంది కదే."

"లేదు. నాన్న కరెంటు బిల్లు కడుతుంటే చూశాను. దాంట్లో పాతదే ఉంది. రెండు."

దుంపల కింద మంట తగ్గించాను. దోనా హెర్తా పక్కకి తిరిగి చూశారు. ఆవిడకి వినబడనట్టు ఉంటుంది గానీ అన్నీ వినబడతాయి.

జిల్మార్ చేతులు కడుక్కోవడానికి లోపలికి వచ్చాడు. షిమరావ్ కలపడానికి బుర్ర అందుకున్నాడు.

"జిల్మార్, నీ లాప్‌టాప్ ఇవ్వు," అన్నాను.

"దేనికి?"

"పరీక్షకి. ఇంక ఒక్కసారే తెరవనిస్తుంది."

"ఇప్పుడా? పదకొండింటికి మినువానో వాళ్లందరూ ఆన్‌లైన్‌లో నాకోసం ఎదురుచూస్తుంటారు. విడుదల వారం లోరేనీ! హాల్లో కంప్యూటరుంది కదా."

"దాంట్లో మూడు ఉంది."

"అయితే?"

"నీదాంట్లో రెండు ఉంది."

ఆకుపొడి దట్టిస్తున్న చెయ్యి ఆగింది. తైస్ వైపు చూశాడు. తైస్ గిన్నె వైపు చూసింది.

"అది బ్యాంకు కోసం," అన్నాడు. "బ్యాంకు పేజీ మూడులో తెరుచుకోవట్లేదు. అందుకని పక్కన ఒక ఫోల్డర్లో ఉంచాను. తాత్కాలికంగా."

"మా కోసం అలా పక్కన ఉంచడం కుదరదన్నావు."

"అందరికీ అలా ఇవ్వలేం. అది నేను సొంతంగా చేసుకున్నది."

"రోజంతా దాన్నే వాడుతున్నావు నాన్నా," అంది తైస్. "బ్యాంకుకే కాదు."

"నేను మూడుని పరీక్షించాను! పేజీలన్నీ తెరిచి చూశాను. తెరుచుకున్నాయి."

"అందులో కూర్చుని ఏమైనా రాశావా?" అని అడిగాను.

"అంటే?"

"ఒక పేజీ. అర పేజీ. కదలకుండా కూర్చుని, ఆలోచించుకుంటూ రాశావా?"

బుర్ర అంచుకి అంటిన పొడిని వేలితో దులిపాడు.

"నా దగ్గర బాగానే పనిచేస్తోంది అని నిన్న నాకు జవాబిచ్చావు."

"నీకెప్పుడిచ్చాను?"

"ఎల్. బర్వియాన్‌కి."

తలెత్తి చూశాడు. "ఆ బర్వియాన్ నువ్వా?"

"నా పుట్టింటి పేరు జిల్మార్. నీకు గుర్తుండే ఉంటుందనుకున్నాను."

"ఈ ఊళ్లో సగంమంది బర్వియాన్లే! నువ్వని చెప్పి ఉంటే..."

"చెప్తే ఏం చేసేవాడివి? శుక్రవారం నుంచీ చెప్తూనే ఉన్నానుగా. రిపోర్టు పెట్టమన్నావు."

పొయ్యి మీద దుంపల నీళ్లు పొంగాయి. తైసే వెళ్లి మూత తీసింది.

"జిల్మార్," అన్నారు దోనా హెర్తా. "నువ్వు షిమరావ్ కలిపినప్పుడు మొదటి బుర్ర ఎవరు తాగుతారు?"

"అమ్మా, దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఎవరు తాగుతారని అడిగాను."

"కలిపినవాడే. నేనే."

"ఎందుకని?"

జిల్మార్ చేతిలో బుర్ర వైపు చూశాడు. "పొడి వస్తుంది. చేదుగా ఉంటుంది. అది ఇంకొకళ్లకి ఇవ్వకూడదు."

"మీ నాన్న నేర్పాడు నీకు, నువ్వు ఇంతున్నప్పుడు." చెయ్యి బల్ల ఎత్తున పెట్టి చూపించారు. ఇంకేమీ అనలేదు. గింజల గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

జిల్మార్ నీళ్లు పోశాడు, మొదటిది పీల్చి, ఉమ్మి, రెండోది నింపి తల్లికిచ్చాడు. తర్వాత వెళ్లి లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద నా ముందు పెట్టాడు. "ఛార్జరు వైరు కొంచెం వంకరగా పెడితేగానీ పట్టదు," అన్నాడు, నా వైపు చూడకుండా.

"మరి నీ పదకొండు గంటలు?"

"హాల్లో చూసుకుంటాలే."

పడగ్గది తలుపు వేసుకుని కూర్చున్నాను. 'రెండు' తెరుచుకుంది. అదే ప్రశ్న, అదే పెట్టె. అక్షరాలు కొట్టినవి కొట్టినట్టు పడ్డాయి. అంత మామూలు సంగతికి కళ్లలో నీళ్లు తిరిగితే నామీద నాకే చిరాకేసింది. మళ్లీ క్లెయిడీ గురించే రాశాను. శుక్రవారం రాసిన వాక్యాల కోసం వెతుక్కున్నాను, కొన్ని దొరికాయి, కొన్ని రాలేదు. బస్సు పేర్ల దగ్గర అప్పుడు ఏదో ఒక మంచి మాట వాడాను. అదేమిటో ఇప్పటికీ గుర్తు రాదు. రెండోసారి రాసింది మొదటిదానంత బాగా లేదు. చదివేవాళ్లకి ఆ తేడా తెలియదు. నాకు తెలుసు.

మధ్యలో హాల్లోంచి జిల్మార్ కీబోర్డు చప్పుడు వినిపించింది. అందరికీ ధన్యవాదాలు చెప్తూ పెద్ద ఉత్తరం రాస్తాడు ప్రతి విడుదలకీ, పేరుపేరునా. చప్పుడు ధారగా సాగింది. ఆగింది. మళ్లీ సాగింది. ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత అతను సాధారణంగా తల్లి ముందు వాడని మాట ఒకటి.

"పోయింది! మొత్తం పోయింది!"

"రిపోర్టు పెట్టు నాన్నా!" అని వంటింట్లోంచి తైస్ అరిచింది.

నేను నవ్వలేదు. నవ్వొచ్చింది గానీ చివరి పేరా మిగిలి ఉంది. పూర్తిచేసి, మళ్లీ చదివి, పంపించు అన్నదాన్ని నొక్కాను. 'మీ జవాబు చేరింది' అని వచ్చింది. దాన్ని కూడా ఒకటికి రెండుసార్లు చదివి లాప్‌టాప్ మూశాను.

భోజనాలకి బల్ల పెరట్లోనే వేశాం. పక్కటెముకల మాంసం, సాసేజీలు, దుంపల సలాడ్. జిల్మార్ కత్తి పట్టుకుని నిలబడి అందరికీ కోసి వేస్తున్నాడు. కళ్లు పొగకి ఎర్రబడ్డాయి. పదకొండు గంటల సంగతి ఎవరూ ఎత్తలేదు.

"చేరిందా?" అని అడిగారు దోనా హెర్తా.

"చేరింది."

ఆవిడ తలూపి దుంపలు వడ్డించుకున్నారు.

నేను ఫోర్కు కింద పెట్టాను. గొంతు పెంచలేదు, ఆ రెండు రోజుల్లో దాని అవసరం అయిపోయింది. "భోజనం అయ్యాక హాల్లో కంప్యూటరు తుడిచేసి పాత మినువానో పెడుతున్నాను," అన్నాను. "సీడీతో పెట్టడం స్కూల్లో చేసే పనే, నాకు వచ్చు. మీ ఫోటోలూ పాటలూ ఉంటే ముందే తీసుకోండి. నా డిగ్రీ చేతికొచ్చేదాకా దాంట్లో ఏదీ మారదు. పాస్‌వర్డు నా దగ్గర ఉంటుంది."

తైస్ నమలడం ఆపి తండ్రిని చూసింది.

"నా పేకాట?" అన్నారు దోనా హెర్తా.

"వస్తుంది దోనా హెర్తా."

జిల్మార్ కత్తి మాంసం మీద ఆగింది. "డిసెంబరు తర్వాత పాతదాన్ని చూసుకునేవాళ్లుండరు," అన్నాడు. వాదనలా లేదు. అలవాటు కొద్దీ అన్నాడు.

"నువ్వున్నావుగా," అన్నాను.

ఎముక అంచున బాగా కాలి కరకరలాడే ముక్క ఒకటి ఉంటుంది. ఎప్పుడూ తనకోసం అట్టిపెట్టుకునేది. దాన్ని కోసి నా పళ్లెంలో వేశాడు.

"ఆ సీడీ పై అరలో ఉండదు," అన్నాడు. "కింద అరలో, పోస్టర్ల వెనకాల చూడు."